పదకొండు బారలు

"నీకు 'బాగా వచ్చు' అని పెట్టేశా," అన్నాడు మా ఆయన తలెత్తకుండానే.

నేను ఎదురుగా కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. ఏది బాగా వచ్చునో అడగలేదు. నా తరఫున కాగితాలు నింపడం ఆయనకి కొత్తేం కాదు. బ్యాంకు కాగితాలు, అమ్మాయి స్కూలు కాగితాలు, చివరికి నా ఉద్యోగం దరఖాస్తు కూడా ఆయన చేతిరాతే. నా రాత కోడి గెలికినట్టుంటుందని పెళ్ళయిన మొదటి నెలలోనే తేల్చేశాడు. నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఇస్తాడు, నేను అక్కడ పెట్టేసి మళ్ళీ నా పనిలో పడతాను. ఈసారి దువ్వెనలా మూడు నిలువు గడులున్న కాగితం కనబడి, ఏమిటా అని మెడ సాచి చూశాను.

వాళ్ళ ఆఫీసు వాళ్ళు ఏడాదికోసారి కుటుంబాలన్నిటినీ ఎక్కడికో ఒక చోటికి తీసుకెళ్తారు. ఈసారి ఊరి బయట పెద్ద చెరువు దగ్గరికట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పడవలు, ఆటలు, ఈత. అందుకని ఇంట్లో ఒక్కొక్కరికీ ఈత ఎంత వచ్చో ముందే రాసివ్వాలి. ఈత రాదు, అంతంతమాత్రం, బాగా వచ్చు, ఇవీ గడులు. రాని వాళ్ళు గట్టు మీద కూర్చోవాలి. అంతంతమాత్రం వాళ్ళు నారింజ రంగు లైఫ్ జాకెట్ కట్టుకుని, తాడు కట్టిన మేరలోనే నీళ్ళలో ఆడుకోవాలి. బాగా వచ్చిన వాళ్ళు మాత్రం జాకెట్ లేకుండా చెరువు మధ్యదాకా పోవచ్చు. అక్కడ పీపాల మీద ఒక పెద్ద చెక్క బల్ల కట్టి ఉంటుందట. పిల్లలు ఆ బల్ల దాకా రావాలంటే ఒక్కో బిడ్డకీ పెద్దవాళ్ళొకరు పూచీ ఉండాలి. మా ఆయన తనకీ, నాకూ, పదేళ్ళ మా అమ్మాయికీ మూడో గడిలో టిక్కులు పెట్టి, అమ్మాయి పూచీ దగ్గర తన పేరు రాసుకున్నాడు. వాళ్ళ ఆఫీసు పెద్దాయనా, ఆయన భార్యా ఇద్దరూ మూడో గడేనట. ఇక మనం రెండో గడిలో ఉంటే బాగుంటుందా?

"నాకు రాదని రాయరా," అంది మా అత్తయ్య సోఫాలోంచి. "నేను నీడన కూర్చుని మీ బట్టలు చూసుకుంటా."

ఇంట్లో ఆ కాగితం మీద నిజం చెప్పింది ఆవిడ ఒక్కతేనని నాకు తరవాత తెలిసింది.

నాకు ఈత మా ఆయనే నేర్పాడు. పెళ్ళయిన కొత్తలో మూడు రోజులు బయటి ఊరు వెళ్ళాం. మేం దిగిన చోట చిన్న పూల్ ఉంది. ఆయన ఛాతీ లోతు నీళ్ళలో నించుని నా పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. రెండో రోజు చెయ్యి తీసేశాడు. మూడో రోజు అవతల నించుని చేతులు చాచి రా, రా అన్నాడు. నేను వెళ్ళాను. చుట్టూ కూర్చున్న వాళ్ళకి వినపడేలా చప్పట్లు కొట్టాడు. ఆ రోజు నుంచీ ఈ పధ్నాలుగేళ్ళలో ఎవరింటికి వెళ్ళినా, ఎవరు మా ఇంటికొచ్చినా, మాట కాస్త నీళ్ళవైపు మళ్ళితే చాలు, "మా ఆవిడకి ఈత నేనే నేర్పా, మూడే రోజుల్లో!" అని ఆ కథ చెబుతాడు. నేను పక్కన నించుని నవ్వుతాను. ఆలోచిస్తే నా గురించి నాకు తెలిసిన చాలా సంగతులు ఇలా తెలిసినవే. నాకు కోపం రాదని, ప్రయాణాలు పడవని, లెక్కలు ఎక్కవని, ఒంటరిగా ఉంటే తోచదని. అన్నీ ఆయన నా ఎదుట వేరేవాళ్ళకి చెప్పగా నేను విన్నవి. ఒకటీ అరా సరిచేద్దామనుకున్న రోజులు కూడా ఉన్నాయి. కానీ నలుగురిలో మొగుడి మాట కాదంటే ఆ తరవాత వారం రోజులు ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చెయ్యకుండా దింపుకోవాలి. ఎందుకొచ్చిన గొడవ అనుకునేదాన్ని. ఈతదీ అంతే. ఈ పధ్నాలుగేళ్ళలో నేను నీళ్ళలో దిగింది నాలుగుసార్లు కూడా ఉండదు. మిగతా అన్నిసార్లూ గట్టు మీద ఫోన్లూ, గడియారాలూ, కళ్ళజోళ్ళూ ఒళ్ళో పెట్టుకు కూర్చున్నదాన్ని. ఈత వచ్చినదాన్ని కదా, దిగకపోయినా పోయేదేం లేదు.

నేను పని చేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. తెర వెనక చిన్న గది, గోడకి అక్షరాల బోర్డు, ఒక కుర్చీ. వచ్చిన వాళ్ళకి కళ్ళు పరీక్ష చేసేది నేను. సాయంత్రం డాక్టరుగారు వచ్చి, నేను రాసిన అంకెల కింద సంతకం పెడతారు. దండాలు ఆయనకి, "అమ్మాయీ, ఆ తలుపు వేసి వెళ్ళు" నాకు. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. సరే, అది వదిలెయ్యండి. చెప్పొచ్చేదేమిటంటే, కళ్ళ పరీక్ష దగ్గర మనుషులు కోసే కోతలు మరెక్కడా చూడం. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, ముందు వెళ్ళినవాళ్ళు పైకి చదువుతుంటే ఆ వరుసలు బట్టీపట్టేస్తారు. కుర్చీలో కూర్చోగానే గడగడా అప్పజెబుతారు. నేను లేచి బోర్డు తిప్పుతాను, వెనక వేరే అక్షరాలుంటాయి. అప్పుడు మెడ ముందుకు సాగుతుంది, కళ్ళు చికిలిస్తారు, కాసేపు నీళ్ళు నములుతారు. ఒకాయనైతే, "అక్షరాలు అరిగిపోయినట్టున్నాయమ్మా, కొత్తవి పెట్టించండి," అన్నాడు. కనబడదని చెప్పడానికి మనిషికి ఎందుకంత కష్టమో నాకు అర్థమయ్యేది కాదు.

అర్థమైంది, ఆ కాగితం నింపిన తరవాతి ఆదివారం. చెరువుకి ఇంకా ఐదు వారాలుంది. కాస్త చేతులు ఆడించుకుంటే మంచిదని మా అమ్మాయిని తీసుకుని మునిసిపాలిటీ పూల్‌కి వెళ్ళాను. మా ఆయన పేపరు చదువుతూ, వచ్చిన విద్యకి మళ్ళీ నేర్పుడేమిటి అన్నాడు.

అక్కడ ఈత నేర్పే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కనక పిల్లలు ఈలమ్మ అని పెట్టారు. ఆవిడకీ తెలుసు, అలా పిలిస్తేనే పలుకుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా సరే, ముందు ఆవిడ కళ్ళెదుట ఈ గోడ నుంచి ఆ గోడదాకా దేన్నీ పట్టుకోకుండా వెళ్ళాలి. లేకపోతే లోతు వైపు పోనివ్వదు.

"మాకు ఈత వచ్చండీ. కాగితంలో కూడా రాసిచ్చాం," అన్నాను.

"నీళ్ళకి చదువు రాదమ్మా," అంది ఈలమ్మ. "దిగండి."

ముందు మా అమ్మాయి బయల్దేరింది. బాగానే వెళ్తోంది అనుకుంటుండగా పక్కనున్న తాడు పట్టుకుని నించుండిపోయింది. అలిసిపోయిందేమోలే అనుకున్నాను. తరవాత నేను. బాగానే వెళ్తున్నాను, నాకైతే అలాగే అనిపించింది. ఇంకా ఈదుతూనే ఉన్నాననుకుంటున్నాను, చూస్తే నా చెయ్యి తాడు మీద ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో తెలీదు. చెయ్యి తనంతట తనే వెళ్ళి పట్టేసుకుంది.

ఈలమ్మ గట్టు మీద గొంతుక్కూర్చుని మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "పాప పదకొండు బారలు వేసి ఆగింది. మీరూ పదకొండే. ఇద్దరికీ ఒకరే నేర్పారా?"

"మా ఆయన."

"నేర్పేటప్పుడు ఎదురుగా నించునేవాడా?"

"ఆఁ."

"అదీ సంగతి. మీకు ఈత రాదమ్మా. మీ ఆయన దాకా వెళ్ళడం వచ్చు."

నిందగా అనలేదు. కాయ పచ్చిగా ఉంది అన్నట్టు అంది. అయినా నా చెవులు సిగ్గుతో కాలిపోయాయి. మా అమ్మాయి మాత్రం ఆ మాటకి కిసుక్కున నవ్వింది. నేను వెంటనే, "అలవాటు తప్పిందండీ, భుజం కూడా కాస్త పట్టేసింది," అన్నాను. అంటుంటేనే తెలిసింది, నేను బోర్డు మీద అక్షరాలు అరిగిపోయాయని చెప్పిన మనిషినయ్యానని.

ఈలమ్మ ఆ రోజు మమ్మల్ని మళ్ళీ నీళ్ళలోకి దింపలేదు. పక్కన కూర్చోబెట్టుకుని పూల్లో ఉన్నవాళ్ళని చూపిస్తూ పోయింది. అదిగో ఆ నీలం టోపీ చూడండి, గడ్డం పైకెత్తి ఈదుతున్నాడు. తల లేస్తే కాళ్ళు దిగిపోతాయి. ఆ లావుపాటావిడ నిచ్చెనెక్కినట్టు నిలువుగా కొట్టుకుంటోంది, ఉన్నచోటే ఉంది చూశారా? ఆ కుర్రది రెండు బారలకోసారి ముఖం తుడుచుకుంటోంది. ఆ చివర ఆయన కళ్ళు గోడ మీదే ఉన్నాయి, ఆ గోడ లేకపోతే ఆయన లేడు. ఇంకొకళ్ళుంటారు, అడక్కుండానే "నేను బాగానే ఉన్నా" అంటారు. వాళ్ళ మీద నేను రెండు కళ్ళూ వేసి ఉంచుతా. మునిగేవాళ్ళు కేకలు పెడతారనుకుంటారు జనం. కేక పెట్టాలంటే ఊపిరుండాలి కదమ్మా. చప్పుడు లేకుండా పోతారు, పక్కనున్న వాడికి కూడా తెలీదు.

నేను మా అమ్మాయి వైపు చూశాను. దానికి కాళ్ళందని నీళ్ళలో, జాకెట్ లేకుండా, చెరువు మధ్యలో పన్నెండో బార వెయ్యాల్సి వస్తే ఏమయ్యేదో ఆలోచించాను. 

ఇంటికొచ్చి చెప్పాను. ఉన్నది ఉన్నట్టు, ఎవర్నీ ఏమీ అనకుండా. కాగితం మార్చి నాకూ అమ్మాయికీ రెండో గడి పెట్టించమన్నాను.

"అంటే నేను నేర్పింది ఈత కాదా?" అన్నాడు.

"ఈతే. కాస్త తక్కువగా వచ్చింది."

"ఎవరో ఈలేసుకునే మనిషి చెప్పగానే సరిపోయిందా? పధ్నాలుగేళ్ళుగా లేని అనుమానం ఇవాళ వచ్చిందా?"

"అమ్మాయి సంగతండీ."

"అమ్మాయి నాతోనే ఉంటుందిగా! నేనుండగా దానికేమవుతుంది? పెద్దాయన ముందు నా పెళ్ళాం, నా కూతురు నారింజ సంచులు కట్టుకుని తేలతారా? కాగితం పంపించేశా. ఇంక ఆ మాట ఎత్తకు."

ఎత్తలేదు. మర్నాటి నుంచి అమ్మాయిని లేపుకుని పొద్దున్నే పూల్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆరు నుంచి ఏడు దాకా ఆడవాళ్ళ బ్యాచ్. ఆ గంటలో ఇంట్లో నేను చేసే పనులన్నీ అంతకుముందు ఎవరూ చూసి ఉండలేదు. లంచ్ బాక్సులు వాటంతటవే నిండేవి, అత్తయ్య మాత్రలు వాటంతటవే గ్లాసు పక్కకి వచ్చి కూర్చునేవి, ఆయన చొక్కా ఇస్త్రీ అయ్యి తలుపుకి వేలాడేది, పాలు పొంగకుండా దిగేవి. ఇప్పుడు ఒక్కొక్కటీ గొంతెత్తింది. "ఒసే, సాక్స్ ఎక్కడ చచ్చాయి?" "నీ ఈత పుణ్యమా అని నేను వంటవాణ్ణయ్యా!" "ఈ వయసులో జుట్టు తడుపుకుని వీధిలో నడిచి రావడమేమిటమ్మా, జలుబు చేస్తే ఎవరు చేస్తారు నీకు?" చివరి మాట అత్తయ్యది. మంచి ప్రశ్నే. నేను రాత్రి పడుకునే ముందే సగం పని చేసిపెట్టుకున్నాను, మిగతా సగం వదిలేశాను. వదిలేసిన సగం ఎవరో ఒకరు చేశారు. గొణిగారు, చేశారు. నేను లేని గంటలో ఇంటికి ఏమీ కాలేదు.

నీళ్ళలో మాత్రం నాకు చాలా అయింది. మొదటివారం ఈత లేదు. మెట్టు పట్టుకుని ముఖం నీళ్ళలో పెట్టి ఊపిరి వదలడం. ఇంత పెద్దదాన్ని, చిన్నపిల్లల పక్కన నించుని బుడగలు ఊదడం. నేను లోపల ఊపిరి బిగబట్టేదాన్ని. పైకి రాగానే వదలడం, పీల్చడం రెండూ ఒక్క క్షణంలో చెయ్యబోయి ఉక్కిరిబిక్కిరయ్యేదాన్ని. "లోపల వదిలెయ్యండమ్మా, దాచుకుని ఏం చేస్తారు?" అనేది ఈలమ్మ. రెండో వారం ఊరికే తేలడం. చేతులూ కాళ్ళూ ఆడించకుండా, ఏమీ చెయ్యకుండా నీళ్ళ మీద పడుకోవడం. అన్నిటికన్నా అదే నాకు చేతకాలేదు. ఏమీ చెయ్యకుండా పడుకోవడం నేను జ్వరమొచ్చినప్పుడు కూడా చేసినదాన్ని కాదు. మా అమ్మాయి ఆకులా తేలిపోతుంటే నేను రాయిలా దిగేదాన్ని.

మూడో వారం బారలు. ప్రతి మూడో బారకీ నా తల పైకి లేచేది. ఈలమ్మ ఓపికగా చూసి చూసి ఒకరోజు పూల్ మధ్యలో ఆపింది.

"ఎవర్ని చూస్తున్నారు?"

"ఎవర్నీ చూడ్డం లేదండీ."

"మరి తల ఎందుకెత్తుతున్నారు? ఎదురుగా ఎవరూ లేరుగా."

నిజమే. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. ఆ రోజు దుకాణంలో ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆ సంగతే ఆలోచించాను. ఆ మొదటి పూల్లో నేను ప్రతి బారకీ తలెత్తి ఆయన ముఖం చూసేదాన్ని, సరిగ్గా చేస్తున్నానా లేదా అని. ముఖం బాగుంటే ఇంకో బార. ఇంట్లో కూడా అంతే, తాళం చెవి తిరిగిన చప్పుడుకి తల లేస్తుంది, అత్తయ్య దగ్గుకి లేస్తుంది, పక్కగదిలో కుర్చీ జరిపితే లేస్తుంది. అన్నంలో చెయ్యి పెట్టుకుని కూడా తల వంచి నాలుగు ముద్దలు వరసగా తిన్నది గుర్తులేదు. ఎవరో నన్ను బలవంతంగా అలా ఉంచారని చెప్పను. నేనే ఉన్నాను. కానీ మెడనొప్పికి మందు రాయించుకుంటూ పదేళ్ళయింది, ఎందుకు నొప్పో ఏ డాక్టరూ చెప్పలేదు. నాకు కోపం వచ్చింది. చాలా కోపం. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మర్నాడు పొద్దున తల నీళ్ళలోనే ఉంచి పంతొమ్మిది బారలు వేశాను.

నాలుగో వారం చివరికి మా అమ్మాయి ఇటూ అటూ నాలుగుసార్లు తిరుగుతోంది. నేను ఒకసారి వెళ్ళి, ఒకసారి వస్తున్నాను. మధ్యలో అలిసిపోతే వెల్లకిలా తిరిగి తేలుతున్నాను కూడా. ఈలమ్మని అడిగాను, ఇప్పుడు మేం ఏ గడి అని.

"పూల్లో పరవాలేదు. చెరువులో మీరిద్దరూ ఇంకా అంతంతమాత్రమే. అక్కడ అడుగు కనబడదు, గోడ ఉండదు, నీళ్ళు చల్లగా ఉంటాయి. జాకెట్ వేసుకోండి, సిగ్గుపడకండి."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అంతంతమాత్రం అనిపించుకుని అంతలా మురిసిపోయింది నేనొక్కదాన్నే అయి ఉంటా. నా గురించి ఒకరు నన్ను చూసి చెప్పిన మొదటి మాట అది.

చెరువుకి వెళ్ళే ముందు ఆదివారం మా ఆయన కూడా పూల్‌కి వచ్చాడు, ఆదివారాలు ఆడా మగా అందరూ దిగొచ్చు. "చూద్దాం, మీ ఈలమ్మ ఏం పొడిచిందో," అని. ఈలమ్మ ఆయన్నీ గోడ దాకా వెళ్ళిరమ్మంది. "నాకక్కర్లేదండీ, చిన్నప్పట్నుంచీ ఈదినవాణ్ణి," అని నవ్వి, లోతు తక్కువ వైపు దిగి ఛాతీ లోతులో నించున్నాడు. అక్కణ్ణుంచి మొదలు. మోచెయ్యి వంచు, కాలు చాచు, అది కాదే, ఇలా, అంటూ మా ఇద్దరికీ పాఠాలు. మా అమ్మాయి లోతు వైపు నుంచి కేకేసింది, "నాన్నా, ఇటు రా, పందెం వేద్దాం!" అని.

"వస్తున్నా, వస్తున్నా," అని ఆయన బయల్దేరాడు. చేతులు గుండ్రంగా తిప్పుతూ, నీళ్ళు చిమ్ముతూ, బారలు వేసుకుంటూ. పైనుంచి చూస్తే ఎవరైనా బాగా ఈదుతున్నాడనే అంటారు. నేను ఆ క్షణంలో తల నీళ్ళలో పెట్టి ఆయన పక్కనుంచి వెళ్తున్నాను, కళ్ళకి ఈత అద్దాలున్నాయి. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆయన పాదాలు కనిపించాయి. నేల మీద నడుస్తున్నాయి. ఒకదాని తరవాత ఒకటి, తాపీగా, వీధిలో నడిచినట్టు. నేల పల్లం మొదలయ్యే చోట ఎడమ పాదం ముందుకొచ్చి వేళ్ళతో తడిమింది, వెనక్కి తగ్గింది. అక్కడే నించున్నాడు.

"భుజం పట్టేసింది, మీరు ఆడుకోండి," అన్నాడు పైన.

నేను అవతలి గోడ దాకా వెళ్ళి, అది పట్టుకుని అలాగే ఉండిపోయాను. పధ్నాలుగేళ్ళలో మా ఆయన ఈదగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. నించుని ఉండగా చూశాను. నేర్పుతుండగా చూశాను. మా అమ్మాయికి చుట్టాల అపార్టుమెంటు పూల్లో నేర్పినప్పుడు కూడా నించునే ఉన్నాడు. నవ్వొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. వచ్చే ఆదివారం ఈ మనిషి నా కూతురి చెయ్యి పట్టుకుని చెరువు మధ్యకి తీసుకెళ్తానని కాగితంలో పూచీ రాసిచ్చాడు. 

ఇంటికొచ్చాక ఆయన పడుకున్నప్పుడు అత్తయ్య దగ్గర కూర్చుని, మీ అబ్బాయికి ఈత ఎక్కడ నేర్పించారని అడిగాను.

"వాడికా? ఈతా?" అంది ఆవిడ. "చిన్నప్పుడు తల మీద చెంబెడు నీళ్ళు పోస్తే ఊరంతా వినపడేలా ఏడ్చేవాడు."

"మరి ఇన్నేళ్ళుగా ఆయన చెప్తుంటే మీరేమీ అనలేదేం అత్తయ్యా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మగపిల్లాడు వచ్చని చెప్పుకుంటుంటే, రాదని తల్లినై నేనెలా అంటానే?"

ఆ సాయంత్రం ఆయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి అన్నాను, మనం ముగ్గురం జాకెట్లు వేసుకుందాం, నేను చూశాను, ఎవరికీ చెప్పను అని. వీలైనంత మెత్తగానే అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. "ఏం చూశావ్? నాలుగు బారలు రాగానే కళ్ళు నెత్తికెక్కాయా? నీకు ఈత నేర్పిందే నేను!" అని విసురుగా లేచి వెళ్ళిపోయాడు. వారమంతా నాతో మాట్లాడలేదు. నేను గిన్నెలు మామూలు చప్పుడుతోనే దింపాను.

చెరువు నిజంగానే పెద్దది. గట్టు మీద గుడారం, గుడారం కింద టేబులు, టేబులు మీద నారింజ జాకెట్ల గుట్ట. చేతిలో జాబితాతో ఒక అమ్మాయి. వరసలో మా ముందు పెద్దాయనా, ఆయన భార్యా. ఆయన చొక్కా విప్పి బొజ్జ నిమురుకుంటూ, "ఏమోయ్, బల్ల దాకా పందెమా?" అన్నాడు మా ఆయనతో. "మీ ఇష్టం సార్!" అన్నాడు మా ఆయన. మా అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

జాబితా అమ్మాయి మా వరస చదివింది. "ముగ్గురూ బాగా వచ్చు. పాప పూచీ సార్‌ది. వెళ్ళొచ్చండీ."

"తప్పు పడిందమ్మా," అన్నాను. "నాకూ పాపకీ అంతంతమాత్రం. రెండు జాకెట్లివ్వు."

పెద్దాయన పకపకా నవ్వాడు. "అదేంటోయ్, మూడు రోజుల్లో నేర్పానన్నావు?"

మా ఆయన కూడా నవ్వాడు. "ఆడవాళ్ళు కదా సార్, నీళ్ళు చూడగానే భయం. ఆవిడకిచ్చెయ్యమ్మా ఒకటి. పాపకి అక్కర్లేదు, నాతో బల్ల దాకా వస్తుంది."

"నాన్నా, నేను జాకెట్ వేసుకుంటా," అంది మా అమ్మాయి.

"నేనున్నాగా, పద," అని దాన్ని లాక్కుని రెండడుగులు వేశాడు. నీళ్ళు నల్లగా ఉన్నాయి. బల్ల చాలా దూరంలో ఉంది.

"ఆయనకి ఈత రాదు," అన్నాను.

గొంతు పెంచలేదు. ఎడమ కన్ను మూసుకోండి, కుడి కన్ను మూసుకోండి అని రోజూ చెప్పే గొంతుతోనే చెప్పాను. వినాల్సిన వాళ్ళందరూ విన్నారు. పెద్దాయన నవ్వు సగంలో ఆగింది. మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఉంది చూశారూ, అందులో కోపం రావడానికి చాలాసేపు పట్టింది. ముందు వచ్చింది కోపం కాదు. బోర్డు తిప్పేసినప్పటి ముఖం. నాకు జాలేసింది, దాచను. కానీ నా చెయ్యి అప్పటికే మా అమ్మాయి రెండో చెయ్యి పట్టుకుని ఉంది. ఆయన తన పట్టు వదిలాడు.

"రాకపోతే గట్టు మీద కూర్చోవాలండీ," అంది జాబితా అమ్మాయి, ఎవరి ముఖమూ చూడకుండా. "కాస్తయినా వస్తే జాకెట్‌తో తాడు లోపల."

ఆయన వెళ్ళి గుడారం నీడలో వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు. అత్తయ్య తన పక్కనున్న బట్టల మూట కాస్త జరిపి ఆయనకి చోటిచ్చింది. నేను మా అమ్మాయికి పట్టీలు బిగిస్తుంటే పెద్దాయన భార్య నా భుజం పక్కనుంచి టేబులు మీదికి వంగింది. "నాకూ ఒకటివ్వమ్మా," అంది చిన్నగా. "మా ఇంట్లో కూడా ఆయనే రాశారు."

ఆ రోజు నేనూ, మా అమ్మాయీ, ఆవిడా ముగ్గురం తాడు లోపల ఈదాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కనక ఇంటికొచ్చాక నాదే తప్పయింది. నలుగురిలో పరువు తీశానన్నాడు, ఒక్కరోజు నోరు మూసుకుంటే ఏం పోయేదన్నాడు. పిల్ల పోయేది అన్నాను. ఆ తరవాత పది రోజులు ఇంట్లో ఒక్క మాట లేదు. నేను మాత్రం పొద్దున్నే అమ్మాయిని లేపుకుని పూల్‌కి వెళ్ళొస్తూనే ఉన్నాను.

పదకొండో రోజు మేం చెప్పులు వేసుకుంటుంటే ఆయన వచ్చి గుమ్మంలో నించున్నాడు. అమ్మాయి మెట్లు దిగేదాకా ఆగాడు.

"నాకు నేర్పుతావా?" అన్నాడు. "ఎవరూ లేనప్పుడు. మనిద్దరమే."

ఆయన నన్ను ఏదైనా నేర్పమని అడగడం అదే మొదలు. ఒక్క క్షణం సరే అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ తరవాత జరగబోయేదంతా కనబడింది, ఎవరూ లేని వేళ వెతకడం, ఆయన ముఖం చూసుకుంటూ మెత్తగా చెప్పడం, నేర్చుకున్నాక ఆ సంగతి ఎక్కడా అనకుండా ఉండడం.

"నేను నేర్పనండీ," అన్నాను. "ఏడింటికి మగవాళ్ళ బ్యాచ్ ఉంది. వెళ్ళి ఈలమ్మకి రాదని చెప్పండి. అక్కణ్ణుంచి మొదలుపెడుతుంది."

"అక్కడ అందరూ చూస్తారే."

"చూస్తారు," అన్నాను.